పైన్ మల్చ్: వినకూడని సలహాలు

ఏప్రిల్ మొదటి శనివారం వచ్చిందంటే కేరీలో మా వీధంతా పైన్ వాసనే. ఒక్కో ఇంటి ముందు బెరడు సంచులు, ఎండిన పైన్ ఆకు కట్టిన ‘పైన్ స్ట్రా’ బేళ్ళు దిగుతాయి. నార్త్ కరోలినాలోని ఈ ఊరికి మేం వచ్చి పదహారేళ్ళయింది. వచ్చిన కొత్తలో మొదటిసారి బేల్ తాడు కోసి ఆ గోధుమరంగు ఆకు విప్పినప్పుడు నాకు చీరాల దగ్గర మా అమ్మమ్మగారి ఊరి సర్వి తోటలు గుర్తొచ్చాయి. రాలిన సర్వి ఆకును ఆడవాళ్ళు ఊడ్చి, గోతాల్లో కుక్కి, పొయ్యిలోకి తెచ్చుకునేవాళ్ళు. ఊడ్వని చోట ఆకును కాలితో పక్కకి నెడితే కింద ఇసుక మే నెలలో కూడా చల్లగా, కాస్త చెమ్మగా తగిలేది. నేలను కప్పే మల్చ్ చేసే పని ఏమిటో నాకు అప్పుడే తెలుసు. దాని పేరే తెలియదు.

తెలిసి కూడా ఇక్కడ తప్పులు చేశాను. తోటపని మొదలుపెట్టిన ఎవరికైనా సలహాలు కరువుండవు. గుళ్ళో ప్రసాదం దగ్గర, పిల్లల పుట్టినరోజుల దగ్గర, నర్సరీలో ట్రాలీ తోసుకుంటూ, ఎవరో ఒకరు ఏదో ఒకటి చెబుతారు. కింద రాసినవన్నీ అలా నాకు మంచి మనసుతో చెప్పినవే. వాటిలో సగం పాటించాను, నష్టపోయాను. మల్చ్ ఉన్నది నేల కోసం. ఎండకు నేల కాగకుండా, వానకు కొట్టుకుపోకుండా, కలుపు మొలవకుండా, తడి ఆరకుండా కాపాడటం దాని పని. ఆ సంగతి మరిచి దాన్ని చెట్టుకు చుట్టాలనో, ఇంటికి అలంకారం చెయ్యాలనో, మందులా వాడాలనో చూసినప్పుడల్లా ఒక తప్పుడు సలహా పుడుతుంది.

“చెట్టు మొదట్లో గుట్టగా పోయండి, బలంగా ఉంటుంది”

అన్నిటికన్నా ఎక్కువ చెట్లను చంపే సలహా ఇది. అందుకే దీని గురించి ఎక్కువ చెబుతాను.

మా అమ్మాయి పుట్టిన ఏడు ఇంటి ముందు ఒక జపనీస్ మేపుల్ నాటాం. తోటపనికి పిలిచినవాళ్ళు ఏటా వసంతంలో వచ్చి దాని మొదట్లో బెరడు పుట్టలా పేర్చి వెళ్ళేవాళ్ళు. చూడటానికి ముచ్చటగా ఉండేది. వీధిలో అన్ని చెట్లూ అలాగే ఉండేవి కాబట్టి అదే పద్ధతి అనుకున్నాం. ఆరో ఏట ఒక పక్క కొమ్మలు ఆకు వెయ్యలేదు. నీళ్ళు చాలలేదేమోనని నీళ్ళు పెట్టాను. ఎరువు వేశాను. రెండో పక్క ఆకులు కూడా చిన్నవయ్యాయి.

ఆ వేసవి మా మామగారు నల్గొండ నుంచి వచ్చారు. నలభై ఏళ్ళు బత్తాయి తోట చేసిన మనిషి. వచ్చిన మర్నాడు పొద్దున్నే చెట్టు దగ్గర కూచుని చేత్తో ఆ గుట్టంతా తోడేశారు. జానెడు పైనే లోతుంది. కింద బెరడు నల్లబడి, వేలితో నొక్కితే తడి అట్టలా ఊడొచ్చింది. ఆయన తలెత్తి నన్ను అడిగారు: “బత్తాయికి రెండు కట్టల పాదు ఎందుకు జేస్తమమ్మా? మొదలుకు నీళ్ళు తాకొద్దని. తాకితే బంక కారుతది. మీరేమో ఏడాదంత మొదలుకు తడి మూట గట్టి పెట్టిండ్రు.”

బత్తాయి రైతుకు తెలిసిన ఆ విషయమే ఇక్కడ మేపుల్‌కూ, డాగ్‌వుడ్‌కూ, ముందుగదిలోంచి కనిపించే ప్రతి చెట్టుకూ వర్తిస్తుంది. వేరు చర్మం తడిలో బతకడానికి పుట్టింది. కాండం బెరడు గాలిలో, పొడిలో బతకడానికి పుట్టింది. కాండాన్ని తడి గుట్టలో పూడిస్తే బెరడు కుళ్ళుతుంది, ఆ మెత్తదనంలోంచి తెగుళ్ళు లోపలికి పోతాయి. అసలు వేర్లకు గాలి తగ్గుతుంది. చెట్టు ఆ గుట్టలోకే కొత్త వేర్లు పంపుతుంది. అవి బయటికి పోకుండా కాండం చుట్టూ తిరిగి, చెట్టు లావయ్యే కొద్దీ ఉరితాడులా బిగుసుకుంటాయి. చలికాలంలో ఆ వెచ్చటి గుట్టలో చిట్టెలుకలు చేరి బెరడు కొరుకుతాయి. ఇదంతా జరగడానికి ఐదారేళ్ళు పడుతుంది. అందుకే చెట్టు పోయినప్పుడు ఎవరికీ మల్చ్ మీద అనుమానం రాదు.

మా మేపుల్ దక్కలేదు. మొదలు చుట్టూ మూడు వంతులు కుళ్ళిపోయాక చేసేదేమీ లేదు.

కాబట్టి కొలత ఇది. మల్చ్ మందం రెండు మూడు అంగుళాలు. పైన్ స్ట్రా అయితే నాలుగు వేసినా అణిగి మూడవుతుంది. చెట్టుకు జానెడు దూరం, చిన్న మొక్కలకు బెత్తెడు దూరం ఖాళీ వదలాలి. కాండం నేలలోకి దిగే చోట వేర్లు విచ్చుకుని కాస్త వెడల్పవుతుంది. ఆ వెడల్పు కంటికి కనబడాలి. కరెంటు స్తంభంలా నిటారుగా మట్టిలోకి దిగిపోయినట్టు కనిపిస్తే మొదలు పూడిపోయిందని అర్థం. వెయ్యదలిస్తే లోతు పెంచకుండా వెడల్పుగా పరచండి, కొమ్మల నీడ పడేంత మేర.

“పైన్ అంటే ఏ పైనైనా ఒకటే, చవకది తెచ్చుకోండి”

పైన్ పేరుతో ఇక్కడ రెండు వేర్వేరు సరుకులు అమ్ముతారు. రాలిన ఆకుని పోగుచేసి కట్టినది పైన్ స్ట్రా. రంపపు మిల్లుల్లో దుంగ మీంచి చెక్కినది పైన్ బెరడు. బెరడు మళ్ళీ సైజును బట్టి పెద్ద ముక్కలు, చిన్న ముక్కలు, సన్న పొడి. మూడూ మూడు పనులకు వస్తాయి.

మా పెరడు వెనక్కి వాలుగా ఉంటుంది. మొదటి ఏడు అక్కడ పెద్ద బెరడు ముక్కలు వేశాను. జులైలో ఒక సాయంత్రం ఉరుముల వాన పడింది. తెల్లారి చూస్తే ముక్కలన్నీ పక్కింటివాళ్ళ కంచె దగ్గర గుట్టపడి ఉన్నాయి. బెరడు నీళ్ళలో తేలుతుంది. పైన్ ఆకులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని చాపలా నిలుస్తాయి కాబట్టి వాలుకి పైన్ స్ట్రానే సరైనది. సమతలంగా ఉన్న పూలమడికి చిన్న బెరడు ముక్కలు బాగుంటాయి, రెండు మూడేళ్ళు ఆగుతాయి. స్ట్రా ఏడాదికే పలచబడుతుంది.

పైన్ స్ట్రాలోనూ రకాలున్నాయి. లాంగ్‌లీఫ్ పైన్ ఆకు మూడేసి కలిసి ఉంటుంది, దాదాపు అడుగు పొడవు, ఒక్కోసారి అడుగున్నర. స్లాష్ పైన్ అంతకన్నా పొట్టి, రెండేసీ మూడేసీ ఉంటాయి. మన పెరళ్ళలో ఆకాశంలోకి నిలబడినవి ఎక్కువగా లాబ్‌లాలీ పైన్‌లు, వాటి ఆకు ఆరు నుంచి తొమ్మిది అంగుళాలు. లాంగ్‌లీఫ్ ఖరీదెక్కువ, ఎక్కువ కాలం నిలుస్తుంది, రంగూ నిలుస్తుంది. ఒకప్పుడు అమెరికా ఆగ్నేయంలో సుమారు 9 కోట్ల ఎకరాల్లో ఉన్న లాంగ్‌లీఫ్ అడవిలో ఇప్పుడు మిగిలింది చాలా కొద్ది భాగం. ఈ రాష్ట్రం వాళ్ళకు ‘టార్ హీల్స్’ అని పేరు రావడానికి కారణమైన ఓడల తారు కూడా ఆ చెట్లదే. ఆ అడవి నేలను ఏటా ఊడ్చుకుంటూ పోతే దానికి దక్కాల్సిన ఆకు ఎరువు మన మడులకు వస్తుందని గుర్తుంచుకుని, అవసరమైనంతే కొనండి.

అసలు కొనకుండానే సరిపోయేవాళ్ళు మాలో చాలామంది ఉన్నారు. అక్టోబరు, నవంబరులో లాబ్‌లాలీలు ఆకు కుమ్మరిస్తాయి. మన వాళ్ళు వారాంతమంతా ఊడ్చి, రోడ్డు వారగా కుప్ప పోసి, టౌన్ బండి వచ్చి పట్టుకెళ్ళేదాకా చూస్తారు. ఏప్రిల్‌లో అదే ఆకును డబ్బిచ్చి తెచ్చుకుంటారు. ఆకు పొట్టిదైనా నేలకు తేడా తెలియదు. నేను ఏడేళ్ళుగా ఒక్క బేల్ కూడా కొనలేదు. పక్కింటి పెద్దాయన పోగుచేసిన ఆకు కూడా అడిగి తెచ్చుకుంటాను.

“పైన్ వేస్తే నేల పులిసిపోతుంది, సున్నం చల్లండి”

ఈ సలహాకు రెండు ముఖాలు. కూరగాయలు వేసేవాళ్ళతో పైన్ వద్దంటారు. కరివేపాకు, బ్లూబెర్రీ పెంచేవాళ్ళతో పైన్ వేస్తే చాలు, ఆమ్లం అదే వస్తుందంటారు. రెండూ తప్పే.

అప్పుడే రాలిన పైన్ ఆకు పీహెచ్ 3.2 నుంచి 3.8 మధ్య ఉంటుంది. అంతవరకూ నిజం. నేలమీద పరిచాక ఆకు నెమ్మదిగా శిథిలమయ్యే క్రమంలో సూక్ష్మజీవులు ఆ ఆమ్లాన్ని తటస్థం చేసేస్తాయి, కింద మట్టి పీహెచ్ చెప్పుకోదగ్గంతగా మారదు. మన ఎర్ర బంకమట్టి పుట్టుకతోనే ఆమ్ల నేల. పైన్ చెట్టు లేని చోట తవ్వినా అంతే.

నా స్నేహితురాలొకరు ఈ భయంతో నాలుగేళ్ళు వరసగా మడుల్లో సున్నం చల్లింది. నాలుగో ఏడు గార్డీనియా ఆకులు పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా మిగిలాయి. మట్టి పరీక్ష చేయిస్తే పీహెచ్ 7 దాటింది. సున్నం ఎక్కువైతే మట్టిలో ఇనుము ఉన్నా మొక్కకు అందదు. ఆ తోట మళ్ళీ దారికి రావడానికి రెండేళ్ళు పట్టింది.

రాష్ట్ర వ్యవసాయ శాఖ ఏప్రిల్ నుంచి నవంబరు దాకా మట్టి పరీక్ష ఉచితంగా చేస్తుంది. కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసులో చిన్న అట్టపెట్టెలిస్తారు, మడికొకటి నింపి పంపితే సున్నం ఎంత వెయ్యాలో, అసలు వెయ్యాలో లేదో అంకెల్లో చెబుతారు. సున్నం గురించి ఆ కాగితం మాట వినండి. మల్చ్ రంగును చూసి నిర్ణయించకండి.

“చెక్క నత్రజని తాగేస్తుంది, మొక్కలు పాలిపోతాయి”

చెక్క పొట్టును మట్టిలో కలిపి తిరగేస్తే ఇది జరుగుతుంది. దాన్ని అరగదీసే సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజని వాడుకుంటాయి. పైన పరిచి వదిలేస్తే ఆ పని మల్చ్ మట్టిని తాకే పైపొరలో మాత్రమే జరుగుతుంది, వేర్ల దాకా పోదు. మల్చ్‌ల మీద జరిగిన పరిశోధనలను 2007లో సమీక్షించిన వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ శాస్త్రవేత్త లిండా చాకర్-స్కాట్ చాలాకాలంగా చెబుతున్నది ఇదే. పైగా పైపొరలో నత్రజని తగ్గితే కలుపు గింజ మొలవడానికి ఇబ్బంది పడుతుంది, అది మనకు మేలే. అరంగుళం లోపు ఉన్న సన్న పైన్ బెరడును బంకమట్టిలో కలపమని నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ ఎక్స్‌టెన్షన్ వాళ్ళే చెబుతారు. బెరడు తొందరగా కుళ్ళదు, మట్టిని గుల్లచేస్తుంది. బెరడు వేరు, చెక్క వేరు. సంచి మీద ఏముందో చదవండి.

“కింద నల్ల గుడ్డ పరిచి పైన మల్చ్ వేస్తే జన్మలో కలుపు రాదు”

రెండేళ్ళు రాదు. మూడో ఏడు మల్చ్ కుళ్ళి గుడ్డ మీదే మట్టవుతుంది, ఆ మట్టిలో కలుపు మొలిచి గుడ్డలోకి వేరు దించుతుంది. పీకితే గుడ్డతో సహా లేస్తుంది. కింద నేలకు ఆకు ఎరువు అందదు, వానపాములు పైకి రాలేవు. నేను రెండు శనివారాలు కూచుని ముక్కలు ముక్కలుగా లాగి పారేశాను. గుడ్డ వద్దు.

“మార్చిలోనే మల్చ్ వేసేసి, తర్వాత మన కూరగాయల గింజలు పెట్టండి”

ఇది మన ఇళ్ళలోనే పుట్టిన సలహా, మన పంటల్నే దెబ్బతీస్తుంది. ఊళ్ళో ఎండకు భయపడి నేల కప్పుతాం. అక్కడ ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్ళు దాన్ని ఆచ్ఛాదన అంటారు, వరిగడ్డో, చెరకు ఆకో పరుస్తారు. ఇక్కడ మార్చిలో, ఏప్రిల్‌లో మన శత్రువు చలి. ఏప్రిల్ నడిమిదాకా మంచు భయం ఉంటుంది. మల్చ్ దుప్పటిలాంటిది. చల్లటి నేలను కప్పితే చల్లగానే ఉంచుతుంది. బెండ గింజకు మట్టి కనీసం 65 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా వేడెక్కాలి. గోంగూర, బీర, సొర, చిక్కుడు కూడా వెచ్చటి నేల కోరేవే. కప్పిన మడిలో గింజ మొలవకుండా కుళ్ళుతుంది, మొలిచినా ముడుచుకుని కూచుంటుంది.

పాత మల్చ్ ఉంటే మార్చి ఆఖరున రేక్‌తో పక్కకి లాగి నేలకు ఎండ తగలనివ్వండి. గింజలు పెట్టి, మొక్క జానెడు ఎదిగి, మే నెల ఆఖరుకు నేల వెచ్చబడ్డాక పైన్ స్ట్రా రెండు అంగుళాల మందాన వరుసల మధ్య పరచండి. జూన్ ఎండల్లో అప్పుడు దాని విలువ తెలుస్తుంది. టమాటా ఆకుల మీదికి మట్టి చింది తెగులు ఎక్కడం కూడా తగ్గుతుంది. కొత్తిమీర, మెంతి, తోటకూర లాంటి చల్లుడు మడుల్లో మొలకలు బాగా పైకొచ్చేదాకా మల్చ్ జోలికి వెళ్ళకండి. పరిచే ముందు నేలను బాగా తడపండి. ఎండిన నేల మీద ఎండిన బెరడు వేస్తే చిన్న వానలు పైనే ఆగిపోతాయి.

“ఇంటి గోడదాకా పరచండి, నిండుగా కనిపిస్తుంది”

ఇది చెట్టు విషయం కాదు, ఇంటి విషయం. ఎండిన పైన్ స్ట్రా తొందరగా అంటుకుంటుంది. నెవాడాలో ఎనిమిది రకాల మల్చ్‌లను తగలబెట్టి చూసి 2011లో ప్రకటించిన ఫలితాల్లో అత్యంత ప్రమాదకరమైన వాటిలో రబ్బరు తురుముతో పాటు పైన్ ఆకు ఉంది. ఈ రాష్ట్రంలో మండే గోడలున్న అపార్టుమెంట్లకు, వ్యాపార భవనాలకు పది అడుగుల లోపు పైన్ స్ట్రా వెయ్యకూడదని నిబంధన. విడి ఇళ్ళకు ఆ నిబంధన లేదు. లేదని నిప్పు మనల్ని వదిలిపెట్టదు. వినైల్ గోడలున్న ఇల్లయితే, వెనక డెక్ మీద గ్రిల్ ఉంటే, గోడ పక్కన స్ట్రా మానేసి గులకరాళ్ళు వెయ్యండి.

చెదలు మల్చ్‌తో సంచుల్లో వస్తాయన్న పుకారు 2006లో బాగా పాకింది. కత్రినా తుఫానుకు కూలిన చెట్లను మల్చ్ చేసి చెదలతో సహా అమ్ముతున్నారన్నారు. అది అబద్ధం. అసలు భయం వేరు. గోడను ఆనుకుని ఎప్పుడూ తడి ఉంటే నేలలో ఉన్న చెదలకు దారి సుఖంగా ఉంటుంది. అవి గోడ వెంట కట్టుకునే మట్టి చారలు మల్చ్ చాటున మనకు కనబడవు. పునాది గోడ నుంచి కనీసం ఆరంగుళాలు ఖాళీ వదిలితే ఆ చారలు కనిపిస్తాయి.

మన పెద్దవాళ్ళకు ఇంకొక మాట. ఊరి నుంచి వచ్చిన అమ్మలు, నాన్నలు పొద్దున్నే ఉత్త కాళ్ళతో మడుల్లోకి వెళ్తారు. రాలిన ఆకు రంగులో కలిసిపోయే కాపర్‌హెడ్ పాములు ఇక్కడ మామూలు. మందంగా పరిచిన స్ట్రాలో చెయ్యి పెట్టే ముందు కర్రతో కదపమని, బూట్లు వేసుకోమని చెప్పండి. వినకపోతే మళ్ళీ చెప్పండి.

“ఘాటు వాసన వస్తే మంచిదే, బలమైన సరుకు”

మంచి బెరడు అడవి వాసన వేస్తుంది. వినెగర్ వాసనో, అమ్మోనియా వాసనో వస్తే ఆ కుప్ప గాలి ఆడకుండా లోపల పులిసిందని అర్థం. దాన్ని లేత మొక్కల చుట్టూ వేస్తే ఒకటి రెండు రోజుల్లో ఆకులు మాడతాయి. ట్రక్కులో తెప్పించినప్పుడు ముందు చేత్తో తీసి వాసన చూడండి. పులిసినట్టుంటే డ్రైవ్‌వే మీద పలచగా పరిచి, కొన్ని రోజులు గాలి తగలనిచ్చి, వాసన పోయాక వాడుకోవచ్చు. పారెయ్యక్కర్లేదు.

“రంగు వెలిసింది, మళ్ళీ వెయ్యండి”

రంగు కోసం ఏటా ఒక పొర వేస్తూ పోతే ఐదేళ్ళకు అరడుగు అవుతుంది. మళ్ళీ మన మేపుల్ దగ్గరికే వస్తాం. వెయ్యబోయే ముందు మడిలో వేలు గుచ్చి చూడండి. రెండంగుళాలు ఉంటే రేక్‌తో కదిపి తిరగెయ్యండి, కింద ఉన్న ముదురు రంగు పైకొస్తుంది. ఎరుపు, నలుపు రంగులద్దిన చెక్కముక్కల మల్చ్ కొనకండి. దానిలో పాత ప్యాలెట్ల చెక్క కలుస్తుంటుంది, అది బెరడు కాదు. నాలుగడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు ఉన్న మడికి మూడంగుళాల మందం కావాలంటే రెండు ఘనపుటడుగుల సంచులు పది పడతాయి. ఒక అంగుళమే లోటు ఉంటే నాలుగు చాలు. లెక్క వేసుకుని వెళ్ళండి, దుకాణంలో కుప్పలు చూసి నింపకండి.

మీ ఇంటి ముందు గుట్ట పోసిన చెట్టు ఉంటే, ఈ శనివారం కొత్త సంచి కొనడానికి బయల్దేరే ముందు గ్లవ్స్ వేసుకుని దాని దగ్గర కూచోండి. వేర్లు విచ్చుకునే చోటు కనబడేదాకా ఆ మల్చ్‌ను చేత్తో తీసి చుట్టూ పలచగా పరచండి. పది నిమిషాల పని. బెరడు ఇంకా గట్టిగా ఉంటే మీ చెట్టు బతుకుతుంది.